మంగళవారాల కోసం ఒక చవక పిస్తోలు

ఆగస్టు 30, శనివారం

పొద్దున్నే జెనీవా వచ్చింది. తలుపు కొట్టలేదు. ఎప్పుడూ కొట్టదు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్న మనిషికి, లోకంలోని తలుపులన్నీ తనవైపు నుంచే తెరుచుకుంటాయని నమ్మకం.

"ఒసే లూ, ఓపల్ పెళ్ళి చేసుకుంది" అంది.

"డెబ్బై నాలుగేళ్ళకా?"

"అందుకే తొందరపడింది. ఇద్దరూ ఆర్కన్సా వెళ్ళిపోయారు. ఆయనకి పెద్ద చేపల చెరువు ఉందట."

ఓపల్ చేపల గురించి చెప్పడానికి జెనీవా ఇంత పొద్దున్నే రాదు కదా అని కాఫీ పోసి ఎదురు చూశాను. అసలు సంగతి మెల్లగా బయటికి వచ్చింది. లిక్ క్రీక్ తుపాకీ క్లబ్బులో మంగళవారం సాయంత్రం ఆడవాళ్ళది. అక్టోబరు పద్దెనిమిదిన క్లబ్బు వాళ్ళ శరత్కాలపు పోటీ. పాత మోడల్ పిస్తోళ్ళు మాత్రమే. ఏ జట్టుకి సాయంత్రం కావాలో ఆ జట్టు నుంచి నలుగురు ఆ పోటీలో నిలబడి, తమ వంతు చివరిదాకా పూర్తి చెయ్యాలి. గెలవనక్కర్లేదు. చివరిదాకా కాలిస్తే చాలు. నలుగురు లేకపోతే ఆ సాయంత్రం ఇంకొకళ్ళకి పోతుంది. ఇప్పుడు జెనీవా ఉంది, కవలలు హెటీ, లెటీ ఉన్నారు. నాలుగో మనిషి చేపల చెరువు ఒడ్డున ఉంది.

"ఎవరు కాచుకుని ఉన్నారు మీ మంగళవారం కోసం?"

"ఎమ్మెట్ గుంపు. పాతకాలం టోపీలూ బూట్లూ వేసుకుని కాలుస్తారే, వాళ్ళు. శనివారం చాలడంలేదట."

"నన్నెందుకు అడుగుతున్నావే? ముప్పై ఏళ్ళుగా మీ క్లబ్బుని వెక్కిరిస్తున్నదాన్ని."

"అందుకే. ముప్పై ఏళ్ళు ఒకే పని విసుగులేకుండా చేసినదానివి, ఏడు వారాలు ఇంకో పని చెయ్యలేవా?"

నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. ఆమె భర్త బ్యూఫర్డ్‌కి మనుషులు గుర్తుండడం మానేసి మూడేళ్ళయింది. మంగళవారం సాయంత్రం చెల్లెలు వచ్చి ఆయన దగ్గర కూర్చుంటుంది. మిగతా వారమంతా, తను ఎవరో జెనీవా ఆయనకి మొదటి నుంచి చెప్పుకోవాలి. అదేమీ ఎత్తలేదు. ఎత్తదు. కప్పులో చెంచా తిప్పుతూ "నాకున్నది ఆ ఒక్క సాయంత్రమే కదే" అని మాత్రం అంది.

సరే అన్నాను. పదిహేనేళ్ళ వెధవాయిల బుర్రల్లోకి ముప్పై నాలుగేళ్ళు లాటిన్ ఎక్కించిన దాన్ని. ఒక ఇనపముక్క నా మాట వినదా?

సెప్టెంబరు 2, మంగళవారం

ఎమ్మెట్ ప్రూయిట్ హార్డ్‌వేర్ షాపు. తుపాకుల కౌంటరు రంగు డబ్బాలకీ కోడిదాణాకీ మధ్యన ఉంటుంది. ఎమ్మెట్ నా దగ్గర రెండేళ్ళు లాటిన్ మొదటి సంవత్సరం చదివాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు వాడికి. మంగళవారాన్ని తన్నుకుపోదామని చూస్తున్నవాడు వీడే. అయినా ఈ కౌంటీలో మంచి పిస్తోలు కావాలంటే వీడి దగ్గరికే రావాలి.

"అన్నిటికంటే చవకది చూపించు" అన్నాను.

"ఇది ఫిలిప్పీన్స్‌లో చేశారు టీచర్ గారూ. తీరు మాత్రం మా ముత్తాత యుద్ధానికి పట్టుకెళ్ళిందే. అదే బరువు, అదే దెబ్బ."

"పనిచేస్తుందా?"

"మీరు చేస్తే అదీ చేస్తుంది."

ఈ వాక్యం నేను వాడికి చెప్పిందే, హోంవర్కు విషయంలో. ఏదో ఒకటి గుర్తుపెట్టుకున్నాడు.

పిస్తోలు పైభాగాన్ని స్లైడ్ అంటారు. దాన్ని వెనక్కి లాగితేనే తూటా లోపలికి వెళ్తుంది. లాగాను. రాలేదు. ఇంకోసారి లాగాను. మోచెయ్యి తగిలి రంగు డబ్బా పడింది. "లాగకండి టీచర్ గారూ, ఎడంచేత్తో దాన్ని పట్టుకుని కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యండి" అన్నాడు. తోశాను. ఠక్కుమని వెళ్ళింది. కోడిదాణా కొనేవాళ్ళు చప్పట్లు కొట్టారు.

తర్వాత వాడు నాకు తుపాకీ అమ్మొచ్చా అని ఫోను చేసి ప్రభుత్వాన్ని కనుక్కున్నాడు. ప్రభుత్వం కాసేపట్లోనే నన్ను నమ్మింది. మా ఆయన హార్లన్‌కి యాభై ఏళ్ళు పట్టింది.

"నాకే వ్యతిరేకంగా నిలబడడానికి నా దగ్గరే కొంటున్నారు" అన్నాడు ఎమ్మెట్, సంచీలో పెడుతూ.

"నువ్వు అమ్ముతున్నావు కదా."

"వ్యాపారం వేరు, మంగళవారం వేరు టీచర్ గారూ."

ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. బరువు, నలుపు, ముందు గట్టిగా నెడితే తప్ప కదలదు, కదిలితే చెయ్యి జాడిస్తుంది. మా పాత ప్రిన్సిపాల్ గుర్తొచ్చాడు. దీనికి ప్రిన్సిపాల్ అనే పేరు పెట్టేశాను.

సెప్టెంబరు 3, బుధవారం

తీర్మానాలు. ఇవాళే మొదలు.

ఒకటి: రోజూ ఖాళీ పిస్తోలుతో గురి సాధన. తూటాలు వేరే గదిలో, తాళం వేసి.
రెండు: కాఫీ బంద్. చెయ్యి వణకకూడదు.
మూడు: రబ్బరు బంతి పిసకడం. స్లైడ్ నా మాట వినాలి.
నాలుగు: శనివారం క్లబ్బులో కాల్చే రేంజ్‌కి, మంగళవారం జట్టుతో రేంజ్‌కి. వంకలు లేవు.

టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడి మీద గురి పెట్టాను. ఖాళీ ట్రిగ్గర్ టక్కుమంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"పాపం వాడేం చేశాడు?" అన్నాడు హార్లన్ పేపరు వెనక నుంచి. హార్లన్ పశువుల డాక్టరు, రిటైరై పదకొండేళ్ళు. కదిలే వస్తువులన్నిటి పట్ల జాలి.

"రేపు వాన లేదన్నాడు."

"అయితే కాల్చు."

సెప్టెంబరు 6, శనివారం

మొదటి రోజు రేంజ్. ఈ ఒక్కరోజుకీ చెల్లెలిని బతిమాలి వచ్చిన జెనీవా పక్కన నిలబడింది. ఎదురుగా తెల్లరంగు వేసిన ఇనప పళ్ళేలు అయిదు, వరసగా. తగిలితే టింగుమని వెనక్కి పడతాయి.

నొక్కాను. ఏమీ లేదు. గట్టిగా నొక్కాను. ఏమీ లేదు.

"ఎమ్మెట్ నాకు చెడిపోయింది అంటగట్టాడు" అన్నాను.

"బొటనవేలి దగ్గర సేఫ్టీ ఉంది. అది కిందికి నొక్కవే."

నొక్కాను. పేలింది. మోకాళ్ళ దాకా వచ్చింది ఆ దెబ్బ. తూటా ఏమైందో దేవుడికెరుక. తూటా పైతొడుగు మాత్రం పైకెగిరి, వేడివేడిగా, సరాసరి నా బ్లౌజు మెడలోకి దిగింది.

పిస్తోలు బల్ల మీద పెట్టాను. ఆ తర్వాతే గెంతాను. పెళ్ళయిన రోజు కూడా అంత ఆడలేదు. కవలలిద్దరూ చెరో పక్క నిలబడి తాళం వేశారు.

"ముందు పిస్తోలు కింద పెట్టావు చూడు, అది శభాష్" అంది జెనీవా కళ్ళు తుడుచుకుంటూ. "మిగతాదంతా నేర్చుకోవచ్చు."

చివర్లో ఒక పళ్ళెం పడింది. నాది కాదు, పక్కది. పడింది కదా.

కాఫీ లేకుండా నాలుగు రోజులు. నాకేమీ అనిపించడం లేదు. హార్లన్‌కి అనిపిస్తోందట.

సెప్టెంబరు 7, ఆదివారం

కాల్చాక విప్పి తుడవాలని జెనీవా చెప్పింది. విప్పాను. గొట్టం మూతిదగ్గర ఒక చిన్న తొడుగు ఉంటుంది, దాన్ని పక్కకి తిప్పాలి, దాని వెనక బిగబట్టుకున్న స్ప్రింగు ఉంటుంది, దాని మీద చిన్న ఇనప మూత ఉంటుంది, ఆ మూత మీద బొటనవేలు ఉంచాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఠింగుమని ఏదో వెళ్ళింది. దీపానికి తగిలిన చప్పుడైంది.

"ఏదో పోయింది" అన్నాడు హార్లన్ తల ఎత్తకుండా.

గంట వెతికాం. ఫ్రిజ్ వెనక, కుక్క పక్కలో, హార్లన్ చొక్కా జేబులో. లేదు. చర్చిలో సామూహిక భోజనానికి టైమైపోతోంది. బీన్స్ క్యాసరోల్ ఓవెన్‌లోంచి తీసి బల్ల మీద పెట్టి ఉంది, మీద వేయించిన ఉల్లిపాయలు చల్లి. దాన్నే పట్టుకుని వెళ్ళాం.

రెండో వడ్డనలో పాస్టరు గారి పంటి కింద ఠక్కుమంది. తీసి చూశారు. నా చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్ళుగా నా వంటకి ఉన్న పేరు ఆయన వేళ్ళ మధ్య మెరుస్తోంది.

"ఇది స్ప్రింగు మూత కదా" అన్నారు ఆయన.

"అవును, పాత మోడల్‌ది" అంది పియానో వాయించే ఆవిడ.

"బొటనవేలు అడ్డం పెట్టాలి టీచర్ గారూ" అన్నాడు అవతలి బల్ల దగ్గరి నుంచి ఎమ్మెట్.

బల్ల బల్లంతా బొటనవేళ్ళెత్తి ఎలా అడ్డం పెట్టాలో చూపించారు. ఒకాయనది ఆవు కొట్టంలోకి పోయిందట, ఇప్పటికీ దొరకలేదట. పాస్టరు గారిది కుక్క మింగిందట, రెండు రోజుల తర్వాత దొరికిందట, ఇప్పటికీ అదే వాడుతున్నారట. ఆ కథ భోజనం తర్వాత చెప్పి ఉండాల్సింది. క్యాసరోల్ గిన్నె ఖాళీ అయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మా ఊరిని ముప్పై ఏళ్ళు తక్కువ అంచనా వేశానేమో అనిపించింది, ఒక నిమిషం పాటు.

రాత్రి తిరిగి బిగించాను. పక్కనున్న పిన్ను దోపుతుంటే కొత్త నలుపు మీద అర్ధచంద్రాకారంలో గీత పడింది. దానికి పేరుందట, మూర్ఖుడి గీత. ఆ గీత లేని పిస్తోలు ఈ కౌంటీలో లేదని జెనీవా ఫోనులో అంది. "ఇక నువ్వు మాదానివే" అని కూడా అంది.

సెప్టెంబరు 9, మంగళవారం

జట్టు సాయంత్రం. పిడిలో దోపే తూటాల డబ్బాని మ్యాగజైన్ అంటారు, నాది జెనీవా తను నింపి ఇచ్చింది. అసలు తూటాల మధ్య ఉత్తుత్తి తూటాలు కలిపిందట, ఏది ఎప్పుడు వస్తుందో నాకు తెలియకుండా. ఇక్కడ అందరికీ పెట్టే పరీక్షే ఇది.

మొదటిది పేలింది. రెండోదీ పేలింది. మూడోది నొక్కినా పేలలేదు. చప్పుడు లేదు, దెబ్బ లేదు. కానీ పిస్తోలు మూతి ఇంత కిందికి వంగింది.

"చూశావా?" అంది జెనీవా. "పేలకముందే భయపడి తల వంచుతున్నావు. చర్చిలో ప్రార్థన అనగానే వంచినట్టు."

"నాకు భయమా?"

"నీకు కాదు, నీ మణికట్టుకి."

హెటీ "అందరికీ ఉంటుంది" అంది. లెటీ "మొదట్లో" అంది. వాళ్ళిద్దరూ కలిసి ఒక వాక్యం పూర్తి చేస్తారు. జీవితమంతా అలాగే చేశారు.

పొద్దు వాలుతుంటే జెనీవా తన వంతు కాల్చింది. అయిదు పళ్ళేలూ పడ్డాయి, టింగు టింగు మని, మెట్లు దిగుతున్న పిల్లలా. తుపాకీ దించి వెనక్కి తిరిగినప్పుడు ఆమె మొహం చూశాను. ఆ మొహం నేను పోస్టాఫీసు రోజుల్లో చూశాను. ఈమధ్య చూడలేదు.

నేర్చుకోవాలి. నిజంగానే.

సెప్టెంబరు 13, శనివారం

అయిదులో మూడు. మూడు! నేను గురి పెట్టినవే.

ఇంటికొచ్చేదాకా హార్లన్‌కి ట్రక్కులో మూడుసార్లు చెప్పాను, పళ్ళేనికోసారి. "ఆవు ఈనినప్పుడు కూడా ఇంత వర్ణన వినలేదు" అన్నాడు.

ఆయుధాలంటే ఏమిటో నాకిప్పుడు బోధపడుతోంది. ఊపిరి, చూపు, వేలు, అంతే. మిగతాదంతా అహంకారం. ఈ మాట వచ్చే ఏడాది జట్టుకి కొత్తగా చేరేవాళ్ళకి చెప్పాలి. నేను చెబుతాను.

సెప్టెంబరు 17, బుధవారం

ఒక కప్పు కాఫీ. ఒకటే. తలనొప్పి వచ్చింది. తలనొప్పితో గురి కుదరదు కదా. ఇది వైద్యం కింద వస్తుంది.

సెప్టెంబరు 20, శనివారం

వాన. వాతావరణం కుర్రాడు ఈసారి నిజం చెప్పాడు, పగబట్టి. రేంజ్‌కి వెళ్ళలేదు.

రేంజ్‌కి పైకప్పు ఉంది కదా అన్నాడు హార్లన్. దారికి లేదు కదా అన్నాను.

సెప్టెంబరు 23, మంగళవారం

వెళ్ళాను. రెండు పళ్ళేలు. కీళ్ళ నొప్పి. తూటాలు కూడా ఇదివరకంత మంచివి రావడం లేదు.

జెనీవా ఏమీ అనలేదు. "పర్లేదు" అంది. ఆమె పర్లేదు అంటే బాగాలేదని అర్థం, నలభై ఏళ్ళుగా తెలుసు.

సెప్టెంబరు 27, శనివారం

గ్రంథాలయం వాళ్ళ పాత పుస్తకాల అమ్మకం. నేను లేకపోతే వాళ్ళు నిఘంటువుల్ని వంటల పుస్తకాల పక్కన పెడతారు. వెళ్ళక తప్పలేదు.

రబ్బరు బంతి కుక్క తీసుకుంది. దానికి బాగా నచ్చింది. ముసలి ప్రాణం, దాని నోట్లోంచి లాక్కుంటానా?

అక్టోబరు 1, బుధవారం

ఖాళీ పిస్తోలు సాధన. వాతావరణం కుర్రాడు సెలవులో ఉన్నాడు. వాడి బదులు వచ్చిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ఆ పిల్ల మీద గురి పెట్టబుద్ధి కాలేదు.

అక్టోబరు 4, శనివారం

వెళ్ళలేదు.

పెకాన్ గింజలతో 'పై' అనే తీపి వంటకం చేశాను. రెండు. చేతులకి వ్యాయామం కావాలన్నారు కదా, పిండి కలపడం కంటే ఏముంటుంది?

కాఫీ, మూడు కప్పులు. ఇంక దాయడం లేదు. హార్లన్ "ఆహ్" అంటూ తన కప్పు నా కప్పుకి తగిలించాడు.

అక్టోబరు 7, మంగళవారం

మోకాలి నొప్పి అని జెనీవాకి ఫోను చేసి చెప్పాను.

వెనక బ్యూఫర్డ్ గొంతు వినిపించింది, "ఎవరమ్మా ఫోనులో?" అని. భార్యని అమ్మా అంటున్నాడు, ఎవరో పొరుగావిడ అనుకుని. "నా స్నేహితురాలండీ" అంది ఆమె ఆయనతో, మర్యాదగా. తర్వాత నాతో, "ఒసే లూ, నువ్వు బాగా కాల్చాలని నేను అడగలేదు. నిలబడమని అడిగాను" అంది.

మోకాలి నొప్పి నిజంగానే మొదలైంది, ఆ మాట తర్వాత.

అక్టోబరు 14, మంగళవారం

వెళ్ళాను. ఒక పళ్ళెం. అదీ గాలికి పడిందేమో.

మొత్తానికి నా తీర్మానాల్లో ఒక్కటీ మిగల్లేదు. పోటీ ఇంక శనివారమే. ఒక్క ఊరట, ప్రిన్సిపాల్ మాత్రం శుభ్రంగా ఉన్నాడు. కాల్చని పిస్తోలు మాసిపోదు.

అక్టోబరు 18, శనివారం, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎండ బాగుంది. కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయి. ఎమ్మెట్ గుంపు పదహారు మంది వచ్చారు, పెద్ద టోపీలు, తోలు కోట్లు, నడుముకి రెండేసి బెల్టులు. క్లబ్బు ప్రెసిడెంటు ఓర్విల్ హిక్స్ చేతిలో గడియారం పట్టుకుని మా వెనక నిలబడ్డాడు. జెనీవా అయిదు పడగొట్టింది. హెటీ నాలుగు. లెటీ నాలుగు. నేను నిలబడి పూర్తి చేస్తే చాలు, మంగళవారం మాదే.

గంట మోగింది. సేఫ్టీ నొక్కడం మర్చిపోలేదు. ఒకటి పడింది. రెండు పడింది. ఏదో అయింది నాకు. ఊపిరి తనంతట తానే నిలబడింది. మూడు. నాలుగు. కవలలు ఒకే అరుపు సగం సగం అరిచారు. అయిదోది తప్పింది. మళ్ళీ తప్పింది. ఇంకోసారి కూడా. స్లైడ్ వెనక్కి వెళ్ళి అలాగే ఆగిపోయింది, మ్యాగజైన్ ఖాళీ. నేను దానివంక చూస్తూ నిలబడిపోయాను.

వెనక నుంచి ఎమ్మెట్ గొంతు: "టీచర్ గారూ, బెల్టులో ఇంకో మ్యాగజైన్ ఉంది."

వాడికి మంగళవారం కావాలి. నేను ఆగిపోతే వాడికే లాభం. అయినా చెప్పాడు, మంచివాడు. నేనేం చేశాను? ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద రాస్తుంటే వెనక బెంచీ నుంచి గొంతు వినిపించిన ప్రతిసారీ ఏం చేశానో అదే చేశాను. ఒళ్ళంతా తిప్పి వెనక్కి తిరిగాను.

"చెయ్యెత్తి మాట్లాడాలి, ఎమ్మెట్."

నా చేతిలో పిస్తోలు ఉంది. పదహారు టోపీలూ గడ్డిలో బోర్లా పడ్డాయి, పెద్ద గాలి వీచినట్టు. ఎమ్మెట్ పడుకునే చెయ్యెత్తాడు.

"ఆపండి" అన్నాడు ఓర్విల్. అరవలేదు. నా మణికట్టు పట్టుకుని మెల్లగా ముందుకి తిప్పాడు. "పిస్తోలు బల్ల మీద పెట్టండి, మేడమ్."

పెట్టాను. లోపల తూటా లేదు, స్లైడ్ తెరిచే ఉంది, వేలు ట్రిగ్గర్ దగ్గర లేదు. అయినా తుపాకీ మూతి జనం వైపు తిరిగితే పోటీ నుంచి బయటికే. రూలు నేను రాసినా అదే రాసేదాన్ని.

"నాలుగు పళ్ళేలు కొట్టారు" అన్నాడు ఓర్విల్, బాధగా. "లెక్కలోకి రావు."

నలుగురిలో నేను పూర్తి చెయ్యలేదు. మంగళవారం పోయింది.

జెనీవా నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నా కోటు గుండీ విడిపోతే పెట్టి "పర్లేదు లే" అంది. ట్రక్కులోకి ఎక్కి కిటికీలోంచి అవతలికి చూస్తూ కూర్చుంది.

అదే రోజు, పడుకోబోయే ముందు

క్లబ్బు ఆనవాయితీ ఒకటుంది. పోటీ నుంచి బయటపడినవాళ్ళు ఆ సాయంత్రం అందరికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టాలి. హైవే మలుపులోని కొట్టుకి అందరూ వచ్చారు, టోపీల మీద గడ్డితో సహా. పెళ్ళాలూ వచ్చారు. ఉచిత ఐస్‌క్రీమ్‌కి పెళ్ళాలు రాని ఊరు ఉందా?

జెనీవా ఎదురుగా కూర్చుంది. ఆమె గిన్నెలో ఐస్‌క్రీమ్ కరిగిపోతోంది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. పక్క బల్ల దగ్గర ఎమ్మెట్ భార్య లవోన్ ఉంది. మంచి గొంతు, చర్చి పాటల బృందంలో పెద్ద పాటలన్నీ ఆమెవే.

నేను నిజంగా మర్యాదకే అన్నాను. కనీసం సగం మర్యాదకి.

"లవోన్, నీది పెద్ద మనసమ్మా. శనివారాలు చాలక మంగళవారాలు కూడా ఎమ్మెట్‌ని క్లబ్బుకి వదులుతున్నావు."

లవోన్ చెంచా ఆగింది.

"ఏ మంగళవారాలు?"

ఎమ్మెట్ తన ఐస్‌క్రీమ్‌లో చాలా లోతుగా ఏదో వెతకసాగాడు.

"మంగళవారం నాకు పాటల ప్రాక్టీసు" అంది లవోన్. "మంగళవారం నువ్వు మనవల్ని చూసుకుంటావు. ముగ్గుర్నీ. స్నానాలతో సహా."

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"సందర్భం రావాలి కదా."

"ఇదిగో వచ్చింది. చెప్పు."

ఆ పదహారు మందిలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా పెళ్ళాల కళ్ళు తప్పించుకోవడం నేను చూశాను. తరగతి గదిలో ఆ చూపులు బాగా తెలుసు నాకు.

ఎమ్మెట్ గొంతు సవరించుకున్నాడు. "ప్రెసిడెంటు గారూ, ఆలోచిస్తే మావాళ్ళకి మంగళవారం అంత అవసరం లేదు."

"అయితే ఆ సాయంత్రం ఖాళీ" అన్నాడు ఓర్విల్. గడ్డం గోక్కున్నాడు. మా బల్ల వైపు చూశాడు. "ఇంకెవరూ అడగకపోతే, వసంతకాలం పోటీ దాకా ఆడవాళ్ళే ఉంచుకోవచ్చు. అప్పుడు మాత్రం నలుగురూ పూర్తి చెయ్యాలి. టీచర్ గారు ముందుకే చూడాలి."

"చూస్తుంది" అంది జెనీవా. "మెడ బిగించైనా చూపిస్తాను."

అని తన గిన్నె పక్కకి నెట్టి, నా గిన్నె లాక్కుంది. కరగనిది అదొక్కటే. మొత్తం తినేసింది. ఆమె చెంచా గిన్నె అడుగున గీకుతున్న చప్పుడు నాకు పళ్ళెం పడిన చప్పుడు కంటే బాగుంది.

ఎమ్మెట్ బయటికొచ్చాక నా దగ్గర ఆగాడు. "మీకు సాయం చేద్దామని నోరు తెరిచాను టీచర్ గారూ."

"తెలుసు నాయనా. నేనూ అంతే."

అక్టోబరు 19, ఆదివారం

కొత్త తీర్మానం. ఈసారి ఒకటే. చేతిలో పిస్తోలు ఉన్నంతసేపూ నోరు మూసుకోవాలి, ఎవరు ఏమన్నా వెనక్కి తిరగకూడదు. ఇదొక్కటి కుదిరితే ఏప్రిల్‌లో వసంతకాలం పోటీకి మంగళవారం మళ్ళీ మాదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఖాళీ పిస్తోలు పట్టుకుని టీవీ వైపు నిలబడ్డాను. హార్లన్ వెనక కుర్చీలో కూర్చుని నన్ను రెచ్చగొట్టాలి, అది ఒప్పందం. ఆయనకి ఆ పని ఇంత బాగా వచ్చని నాకు తెలియదు. ముందు మా అక్క పాటని పొగిడాడు. కదల్లేదు. తర్వాత భూమి బల్లపరుపుగా ఉండే అవకాశం లేకపోలేదన్నాడు. కదల్లేదు. "లాటిన్ వల్ల ఎవరికీ ఎప్పుడూ ఏ ఉపయోగమూ లేదు, లూయెల్లా" అన్నాడు.

ఒళ్ళు తిరగలేదు. అది నమోదు చేస్తున్నాను. అనాల్సింది మాత్రం గోడ వైపు చూస్తూనే అన్నాను, చాలాసేపు. కుక్క బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం జెనీవా ఫోను చేసింది. బ్యూఫర్డ్ ఇవాళ మళ్ళీ అడిగాడట, "మీరెవరండీ?" అని. ఎప్పుడూ మీ భార్యని అని చెప్పేది. ఇవాళ విసుగొచ్చి "పిస్తోలు కాలుస్తానండీ, అయిదుకి అయిదు" అందట. ఆయన లేచి నిలబడి "అయితే మీతో మర్యాదగా ఉండాలి" అని కుర్చీ జరిపి కూర్చోబెట్టి, తన ప్లేట్లోని బిస్కెట్ ఇచ్చాడట. ఫోనులో ఇద్దరం మాట్లాడలేనంతగా నవ్వాం. చివర్లో ఆమెది నవ్వో మరొకటో నేను అడగలేదు.

"ఎల్లుండి ఆరింటికి. నోరు మూసుకుని రా" అంది.

నోరు మూసే కార్యక్రమం బుధవారం నుంచి. మంగళవారం చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి.